ఇన్నయ్య ఇంటి మట్ట

మేడిగుంట విచారణకు, అంటే ఆ చుట్టుపక్కల క్రైస్తవ సంఘానికి, గురువైన జోజప్ప ఫాదరు గారికి ఒక అలవాటు ఉండేది. ఆయన్ని ప్రశ్న అడిగిన వాళ్లకి జవాబు దొరికేది కాదు, పని దొరికేది. నరకంలో ఉండేది నిజమైన నిప్పేనా అని అడిగిన ఒక బడి పంతులు గారు ఆ వేసవంతా గుడి మీద పగిలిన పెంకులు మార్చారు. పొరుగువాణ్ణి ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన ఒక రైతు ఆ పొరుగువాడితోనే కలిసి గుడి బావి పూడిక తీశాడు. పని అయ్యాక వాళ్లకి జవాబు తెలిసిందో లేదో ఎవరికీ తెలియదు గానీ, రెండోసారి అదే ప్రశ్న అడిగినవాడు మాత్రం లేడు. ఆయనకు డెబ్బయి దాటాయి. మోకాళ్లు సహకరించకపోయినా రోజూ తెల్లవారకముందే గుడి తలుపులు తీసేది ఆయనే.

ఆయన దగ్గరికి ఆ ఏడు తపస్సు రోజులకు, అంటే ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల ఉపవాసాలకు, ముందు డీకన్ బాలశౌరి వచ్చాడు. గురుపట్టాభిషేకానికి ముందు కొన్ని నెలలు ఒక విచారణలో పనిచేయాలని పీఠాధిపతులు, అంటే బిషప్ గారు, పంపారు. ఎనిమిదేళ్ల సెమినరీ చదువు, ప్రతి పరీక్షలోనూ మొదటి స్థానం. ప్రసంగం చెబితే ముసలివాళ్లు సైతం నిద్రపోకుండా వినేవారు. పాస్క పండుగ, అదే ఈస్టరు, వెళ్లిన మూడో వారంలో పట్టాభిషేకం ఖాయమైపోయింది. సొంత ఊళ్లో చుట్టాలు పందిరి ఎక్కడ వేయాలో కూడా మాట్లాడుకుంటున్నారు. ఇంత జరుగుతుండగా, ఆ మనిషి లోపల మాత్రం అన్నీ చప్పబడిపోయాయి. పొద్దున ప్రార్థనల పుస్తకం తెరుస్తాడు, సర్వేశ్వరుడు చేసిన మేలులకు స్తోత్రమని చదువుతాడు, మూస్తాడు. ఏ మేలు అని తనను తాను అడిగితే ఒక్కటీ గుర్తుకు రాదు. కష్టమేదో వచ్చి ఇలా అయిందంటే అదీ కాదు. పెదవులు పలుకుతున్నాయి, మనసు పలకడం లేదు. ఇలాంటి వాడు గుడిలో పూజాపీఠం ముందు నిలబడి జనం తరఫున స్తోత్రం చెప్పడం మోసం అవుతుందని అతనికి గట్టిగా అనిపించింది. తపస్సు రోజులు మొదలయ్యే విభూది బుధవారం తర్వాత వచ్చే ఆదివారం పీఠాధిపతులు పిల్లలకు విశ్వాసంలో స్థిరపరిచే భద్రమైన అభ్యంగనం ఇవ్వడానికి మేడిగుంట వస్తున్నారు. ఆ రోజే ఆయన కాళ్ల దగ్గర కూర్చుని, నాకు గురుత్వం వద్దని చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు.

చెప్పేముందు ఒక్కసారి జోజప్ప గారిని అడిగాడు. విభూది బుధవారానికి ముందు ఆదివారం పూజ అయ్యాక ఇద్దరూ గుడి వసారాలో కూర్చున్నారు. పెద్దాయన తెగిన జపమాల ఒకటి కళ్లద్దాల దగ్గరగా పెట్టుకుని తీగె మెలిపెడుతున్నారు.

"ఫాదర్, ఒక మాట. లోపల ఏమీ అనిపించకపోయినా రోజూ అదే స్తోత్రం చెప్పేవాణ్ణి ఏమంటారు? విశ్వాసి అంటారా, నటుడు అంటారా?"

జోజప్ప గారు తీగె మెలిపెట్టడం ఆపలేదు. "నిన్ను గురించేనా?"

"నన్ను గురించే. వచ్చే ఆదివారం బిషప్ గారికి చెప్పేద్దామనుకుంటున్నాను, పట్టాభిషేకం వద్దని."

"ఆదివారం ఇంకా వారం ఉందిగా," అన్నారు పెద్దాయన. పూసలు ఒకసారి లాగి చూసుకుని, "రేపు ఊళ్లోకి వెళ్లి మట్టలు పోగుచేసుకురా. గుడికి రాలేని ముసలివాళ్లవీ, మంచాన పడ్డవాళ్లవీ ఉండిపోయాయి," అన్నారు.

ఈ మట్టల సంగతి తెలియని వాళ్ల కోసం ఒక మాట. పాస్క పండుగకు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు క్రైస్తవులు ఈత మట్టలు చేతబట్టి, ప్రభువు యెరూషలేములోకి వచ్చిన రోజును తలుచుకుంటూ పాడుకుంటూ గుడికి వెళ్తారు. గురువు ఆ మట్టల మీద తీర్థం చల్లి ఆశీర్వదిస్తారు. ఇంటికి తెచ్చుకున్న మట్టను గోడకున్న యేసు తిరుహృదయం పటం వెనక దోపుకుంటారు. ఏడాదంతా అది అక్కడే ఎండుతుంది. మళ్లీ తపస్సు రోజులు వచ్చేముందు ఆ ఎండు మట్టలన్నీ గుడికి చేరతాయి. వాటిని కాల్చిన బూడిదనే విభూది బుధవారం నాడు అందరి నుదుటా రాస్తారు. మేడిగుంటలో చాలామంది తమ మట్టలు తామే తెచ్చి గుడి మెట్ల మీద పెట్టిపోతారు. రాలేని వాళ్ల ఇళ్లకి గుడివాళ్లే వెళ్లాలి.

సోమవారం పొద్దున్నే బాలశౌరి సంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. మిరపకోతల కాలం. ఊళ్లో కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా చేలల్లో ఉన్నారు. వీధి వీధంతా కళ్లాల మీద ఆరబోసిన కాయల ఘాటు. తుమ్ముకుంటూ, కళ్లు తుడుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగాడు. అలా తిరుగుతూ తిరుగుతూ చివరికి ఇన్నయ్య ఇంటికి చేరాడు.

ఇన్నయ్య నిరుడు మట్టల ఆదివారం నాడే, గుడి నుంచి ఇంటికొచ్చిన గంటకే పక్షవాతం వచ్చి పడిపోయిన మనిషి. కుడివైపు పూర్తిగా పోయింది. నోరు కూడా పడిపోయిందని బాలశౌరి విని ఉన్నాడు. భార్య ఆరోగ్యమ్మ కోతకు వెళ్లింది. ఇంట్లో ఇన్నయ్య ఒక్కడే నులకమంచం మీద పడుకుని ఉన్నాడు. బాలశౌరి పలకరించి, తాను వచ్చిన పని చెప్పి, పటం వెనక చెయ్యి పెట్టాడు. చేతికి తగిలింది మట్టలా లేదు. బయటికి లాగి చూసి నిప్పు తొక్కినట్టు ఉలిక్కిపడ్డాడు.

ఆ మట్టకి ఆకు కనిపించడం లేదు. ఒక్కో ఈనెకు మూడేసి నాలుగేసి ముడులు. నల్లదారం ముడులు, ఎర్రగుడ్డ పీలికలు, ఏదో జంతువు వెంట్రుకలు, రక్తం మరక ఉన్న దూది, ఎండిన మిరప తొడిమలు, గోనెసంచి పురికొస, ఆడమనిషి రిబ్బను ముక్క. చిన్నప్పుడు అతని ఊళ్లో ఒక ఇంటి గడప కింద చేతబడి చేసి పెట్టారని చెప్పి తవ్వి తీసిన మూట అతనికి గుర్తుకొచ్చింది. అందులోనూ ఇవే, వెంట్రుకలూ దారాలూ గుడ్డపీలికలూ. మంచం మీది మనిషికి ఎవరో కీడైనా చేసి ఉండాలి, లేదా జబ్బు తగ్గాలని ఇంట్లోవాళ్లే ఏ మంత్రగాడి మాటో విని ముడుపైనా కట్టుకుని ఉండాలి. అదీ ఎక్కడ? తిరుహృదయం పటం వెనక, ఆశీర్వదించిన మట్టకి! బాలశౌరికి ఒళ్లు మండిపోయింది.

ఇన్నయ్య మంచం మీద నుంచి ఎడమచెయ్యి చాచి పెద్దగా ఏదో అరవసాగాడు. మాట కాదు, ఒట్టి అరుపు. ఆ పాడు వస్తువును చూసి భయపడుతున్నాడనుకున్నాడు బాలశౌరి. దగ్గరికి వెళ్లి, చాచిన ఆ చెయ్యి మెల్లగా దించి, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. "భయపడకండి, తీసేస్తున్నానుగా," అని ధైర్యం చెప్పాడు. జేబులోని తీర్థం సీసా తీసి గది నాలుగు మూలలా చల్లాడు. వెనక అరుపు వినిపిస్తూనే ఉండగా మట్ట పట్టుకుని గబగబా గుడికి వచ్చేశాడు. పూజావస్త్రాల గది వెనక ఇనప మూకుడులో అన్నిటికన్నా ముందు దాన్నే కాల్చాడు. వెంట్రుకలు కాలిన వాసన వేస్తే ముక్కు మూసుకున్నాడు. ఆ తర్వాత మిగిలిన మట్టలు కూడా దాని మీదే వేశాడు. నిజం చెప్పాలంటే, ఏడాదిగా లోపల చచ్చుబడి ఉన్న ఉత్సాహం ఆ మంట ముందు నిలబడినప్పుడు కాస్త లేచి కూర్చుంది. బుధవారం ప్రసంగం మూఢనమ్మకాల మీదే చెప్పాలని అక్కడే అనుకున్నాడు.

పక్క ఊళ్లో పూజ చెప్పి సాయంత్రం తిరిగొచ్చిన జోజప్ప గారికి జరిగింది గర్వంగానే చెప్పాడు. పెద్దాయన తాగుతున్న మజ్జిగ గ్లాసు కింద పెట్టారు.

"ఎవరింట్లో?"

"ఇన్నయ్య గారింట్లో."

"అడిగావా?"

"ఆయన మాట్లాడలేరు గదా ఫాదర్."

"రేపు ఆరోగ్యమ్మ వస్తుంది. నువ్వే మాట్లాడు," అని జోజప్ప గారు లేచి వెళ్లిపోయారు. మజ్జిగ సగం అలాగే మిగిలిపోయింది. బాలశౌరికి లోపల ఎక్కడో గుచ్చుకుంది గానీ, ఎక్కడో తెలియలేదు.

మంగళవారం పొద్దున్నే ఆరోగ్యమ్మ వచ్చింది. కోతకు వెళ్లే బట్టల్లోనే ఉంది. నెత్తికి గుడ్డ, చేతిలో అన్నం గిన్నె. యాభై అయిదేళ్లుంటాయి. గుడి మెట్టు ఎక్కకుండా కిందే నిలబడింది.

"మా మట్ట మీరు తెచ్చారంట బ్రదరు గారూ. పక్కింటాళ్లు చెప్పారు. దాన్నొక్కదాన్ని ఇచ్చెయ్యండి, బదులుగా పచ్చి మట్ట కోసుకొచ్చి ఇస్తాను."

బాలశౌరి ముందుగా అనుకున్న మాటలన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. జ్ఞానస్నానం పొందినవాళ్లు తాయెత్తులూ ముడుపులూ కట్టుకోవడం ఎంత పాపమో, ప్రభువు పటం వెనక దాన్ని పెట్టడం ఎంత అపచారమో చెప్పి, కాల్చేశానని చివర్లో చెప్పాడు. ఆమె చేతిలో గిన్నె మెట్టు మీద పెట్టి, పక్కనే కూలబడింది.

"ముడుపా? మేమెందుకు కడతాం ముడుపు? అవి ఆయన చేసిన మేళ్లు గదయ్యా," అంది.

తర్వాత ఆమె చెప్పింది వినడం బాలశౌరికి జీవితంలో అన్నిటికన్నా కష్టమైన పని. ఆమె ఏడవలేదు, ఏడిస్తే బాగుండేది. కోత కూలి గురించి చెప్పినట్టే చెప్పింది. పెద్దాసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఇన్నయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడట. నలభై ఏళ్లు ఒక్క ఆదివారం పూజ తప్పని మనిషి. మట్ట పట్టుకుని పాడుకుంటూ వెళ్లొచ్చిన రోజే దేవుడు తనను పడగొట్టాడని రోషం. నాలుక పడిపోయింది కాబట్టి తిట్టలేకపోయాడు గానీ, జోజప్ప గారు సత్ప్రసాదం తెస్తే నోరు తెరవలేదు. జపమాల చేతిలో పెడితే విసిరేశాడు.

"నాకు చదువు లేదు. పుస్తకం చదివి చెబుదామంటే రాదు. ఆసుపత్రిలో చేతి సూది తీసినాక పెట్టిన దూది నా కొంగున ఉండిపోయింది. చచ్చిపోతాడన్న మనిషి బతికొచ్చాడు గదా అని అదే తీసుకెళ్లి మట్టకు కట్టా. సాయంత్రం జపమాల చెప్పుకున్నాక మట్ట ఆయన చేతికిచ్చి, ఇదిగో ఇయ్యాల్టి మేలు ఇదీ అన్నా. విసిరికొట్టాడు. మర్నాడు ఇంకోటి కట్టా. దూడ అడ్డం తిరిగినా మా బర్రె ఈని బతికించింది, ఆ బర్రె తోక వెంట్రుకలు కట్టా. అడక్కుండానే మా చేనుకి నీళ్లు పెట్టిన పక్క చేను ముస్తఫా తలగుడ్డ దారం కట్టా. మా అమ్మాయి ఒక్క పూటకని వచ్చి వాళ్ల నాన్నని చూసి వారం ఉండిపోయింది, దాని రిబ్బను కట్టా. ఏ రోజుదారోజే."

"ఏమీ రాని రోజు?" అని అడిగాడు బాలశౌరి. ఎందుకు అడిగాడో అతనికే తెలియదు.

"వెతుక్కోవాల. వెతికితే ఏదో ఒకటి ఉంటది. ఒకనాడు చీకటి పడిందాకా దొరకలా. పొయ్యిలోకి అగ్గిపుల్ల ఒక్కటే మిగిలుంటే ఆ ఒక్కటీ వెలిగింది. ఆ కాలిన పుల్లే కట్టా."

రెండు నెలలు పోయాక ఒక సాయంత్రం ఇన్నయ్య మట్ట విసిరేయలేదట. ఎడమచేత్తో ఒక్కొక్క ముడీ తడిమాడట. దూది దగ్గర వేలు ఆగింది. పెదవులు వంకర్లు పోయి పోయి, "సూది" అన్నాడు. పడిపోయిన నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. వెంట్రుకల దగ్గర "బర్రె" అన్నాడు, అదీ ఇంకో నెలకి. ఒక్కో మాట ఆ మట్టని తడుముతూనే వచ్చింది. ఇప్పటికి పదకొండు మాటలు. పదకొండూ ఆ మట్ట చేతిలో ఉన్నప్పుడే పలుకుతాడు. లేనప్పుడు ఒట్టి అరుపే. క్రిస్మస్‌కి జోజప్ప గారు తెచ్చిన సత్ప్రసాదం కూడా నోట్లోకి తీసుకున్నాడు.

"నిన్న మీరు పోయినాక గోడవైపు తిరిగాడు. అన్నం ముట్టలా. నన్ను కూడా చూట్టంలా." ఆమె గిన్నె చేతిలోకి తీసుకుంది. అప్పుడు మాత్రం గొంతులో కోపం పలికింది. "నేను రాత్రికి ఇంటికొస్తాను గదా బ్రదరు గారూ. ఒక్కమాట అడగొచ్చుగా? నోరులేని మనిషి ముందు నుంచి తీసుకుపోతారా?"

వసారా స్తంభం పక్కన జోజప్ప గారు ఎప్పటి నుంచి నిలబడి ఉన్నారో తెలియదు. ఆమె ఆయనకు దండం పెట్టి, కోతకు పొద్దుపోతోందని వెళ్లిపోయింది. ఆయన ఆమె వెళ్లిన దారినే చూస్తూ ఉన్నారు. ఆయన మొహంలో కనిపించింది జాలి కాదు, భక్తి. పీఠం ముందు సాగిలపడేటప్పుడు ఆయన మొహం అలా ఉండటం బాలశౌరి చూశాడు.

ఆ రోజంతా బాలశౌరి అన్నం దగ్గర కూర్చోలేదు. మూకుడులో బూడిద చల్లారింది. ఏ మట్టది ఏ బూడిదో విడదీయడం ఇక దేవుడి వల్ల కూడా కాదు. తాను ఏడాదిగా తిరగేస్తున్న పుస్తకాల్లో దొరకనిదాన్ని అక్షరం రాని మనిషి రోజుకొకటి చొప్పున కట్టి పెట్టుకుంటే, దాన్ని తీసుకొచ్చి, ముక్కు మూసుకుని కాల్చాడు. దేవుడి మేలులు గుర్తుకు రావడం లేదని కదా అతని బాధ. అవి చేతికి దొరికితే చేతబడి అనుకున్నాడు. ఇక ఆదివారం దాకా ఆగడం కూడా దండగ, ఇవాళే ఉత్తరం రాసి పడేసి వెళ్లిపోదామా అనిపించింది. బుధవారం పని పెద్దాయన ఒక్కరి వల్లా కాదన్న ఒక్క ఆలోచనతో ఆగాడు.

బుధవారం తెల్లవారుజామునే గుడి నిండిపోయింది. కోతలకు వెళ్లాల్సిన వాళ్లు గనక అందరూ చీకటితోనే వచ్చారు. బాలశౌరి మూఢనమ్మకాల మీద ప్రసంగం చెప్పలేదు. అసలు ప్రసంగమే చెప్పలేదు, జోజప్ప గారే నాలుగు మాటలు చెప్పి ముగించారు. బూడిద గిన్నె బాలశౌరి పట్టుకున్నాడు. వరసలో వచ్చిన ప్రతి ఒక్కరి నుదుటా బొటనవేలితో సిలువ గుర్తు వేస్తూ, నీవు ధూళివని జ్ఞాపకముంచుకొనుమని చెప్పాడు. చేలో నీళ్లు పెట్టినవాడి దారమూ, దూడను బతికించిన బర్రె వెంట్రుకలూ, వెలిగిన అగ్గిపుల్లా ఆ గిన్నెలోనే ఉన్నాయి. అవి ఇప్పుడు మేడిగుంట క్రైస్తవులందరి నుదుళ్లకూ ఎక్కుతున్నాయి. ఆరోగ్యమ్మ కూడా వరసలో వచ్చింది. గిన్నెలోకి ఒకసారి చూసి, తల వంచింది. అతను వేసిన సిలువ గుర్తు వంకరగా పడింది.

పూజ అయ్యాక జోజప్ప గారు మిగిలిన బూడిద చిన్న గిన్నెలో పోసి అతని చేతికిచ్చారు. "మంచాన పడ్డవాళ్లకి ఇచ్చిరా. ఇన్నయ్యకు కూడా."

"ఆయన ఇంటికి మీరు వెళ్లండి ఫాదర్. ఏ మొహం పెట్టుకుని వెళ్లను?"

"కాల్చింది నువ్వేగా," అన్నారు పెద్దాయన. ఆ మాటలో కోపం లేదు, సర్దుబాటు కూడా లేదు.

అందరి ఇళ్లూ తిరిగి, ఆఖరున ఇన్నయ్య ఇంటికి వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆరోగ్యమ్మ ఆ రోజు కోతకు వెళ్లలేదు. భర్త రెండు రోజులుగా తినడం లేదు మరి. ఇన్నయ్య గోడవైపు తిరిగి ఉన్నాడు. "బ్రదరు గారు వచ్చారు, ఇటు తిరుగయ్యా," అంది. తిరగలేదు. బాలశౌరి మంచం పక్కన నేల మీద మోకరించాడు. దారంతా కూర్చుకున్న మాటలు తీరా అప్పుడు కలిసిరాలేదు. "తప్పు చేశాను ఇన్నయ్య గారూ. మీది అడక్కుండా తీసుకుపోయాను. తెలియక కాదు, తెలుసనుకుని చేశాను. క్షమించండి," అన్నాడు. ఆ వీపు కదల్లేదు. ఇటు తిరగని మనిషి నుదుటి మీద విభూది ఎలా రాస్తాడు? గిన్నె మంచం పట్టె మీద పెట్టి, ఏం చేయాలో తోచక అలాగే మోకాళ్ల మీద ఉండిపోయాడు.

ఆరోగ్యమ్మ భర్తను బతిమాలలేదు. అతని తరఫున బాలశౌరితో ఏమీ అననూ లేదు. మేకుకు వేలాడుతున్న జపమాల తీసింది. "సాయంత్రం చెప్పుకునేది ఇప్పుడే చెప్పుకుందాం. మీరూ ఉన్నారుగా," అంది. ఆమె మంగళవార్త జపం మొదలుపెడితే అతను అందుకున్నాడు. ఎప్పటిలాగే పెదవులే పలికాయి. మనసు సిగ్గుతో ఒక మూల నక్కి ఉంది. అయినా ఒక్క పూస కూడా వదిలిపెట్టకుండా చివరి దాకా చెప్పారు. త్రిత్వ స్తోత్రం అయ్యాక ఆరోగ్యమ్మ లేచి నిలబడింది. పది నెలల అలవాటు. చెయ్యి దానంతటదే పటం వెనక్కి వెళ్లింది. అక్కడ ఏమీ లేదు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అలాగే, పటం అంచు పట్టుకుని నిలబడిపోయింది. అంతవరకూ గట్టిగా ఉన్న ఆ మనిషి భుజాలు కదలడం మొదలయింది.

మట్ట చేతికి వచ్చే వేళ అది. రాలేదు. ఇన్నయ్య మెల్లగా ఇటు తిరిగాడు. భార్యను చూశాడు, పటం వెనక ఖాళీని చూశాడు, నేల మీది బాలశౌరిని చూశాడు. ఆ చూపుకి బాలశౌరి తల దించుకున్నాడు. ఇన్నయ్య ఎడమచెయ్యి చాచాడు. ఏం కావాలో బాలశౌరికి అర్థం కాలేదు, ఈసారి తనకు తోచింది చేయడానికి ధైర్యం కూడా చాలలేదు. "ఏం కావాలంటున్నారమ్మా?" అని ఆరోగ్యమ్మను అడిగాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, పట్టె మీది బూడిద గిన్నె తీసి భర్త చేతి కింద పెట్టింది. "ఇందులోనే ఉందయ్యా అదంతా," అంది.

ఇన్నయ్య గిన్నెలోకి చాలాసేపు చూశాడు. చూపుడువేలు బూడిదలో పెట్టాడు. పెదవి ఒక పక్కకి లాగింది, మెడ నరాలు ఉబ్బాయి.

"సూ...ది," అన్నాడు.

వేలు కొంచెం జరిగింది. "బర్రె." ఇంకొంచెం జరిగింది. "నీళ్లు." తర్వాత "పిల్ల." తర్వాత "అగ్గి." దారమూ లేదు, దూదీ లేదు. ఉన్నది ఒకే రంగు బూడిద. ఆ మెత్తని బూడిదలో, ముడులు ఎక్కడెక్కడ ఉండేవో అక్కడ తడుముతున్నట్టే తడుముతూ, మాట మాటకీ చెమట కక్కుతూ, పదకొండు మాటలూ వరస తప్పకుండా చెప్పాడు. బాలశౌరి చాలా మంది పండితుల ప్రార్థనలు విన్నాడు. పీఠాధిపతుల నోట విన్నాడు. ఇంతటి స్తోత్రం మాత్రం అతను అంతకుముందు వినలేదు.

పదకొండోది అయ్యాక వేలు ఆగింది గానీ బూడిదలోంచి బయటికి రాలేదు. ఇన్నయ్య తలెత్తి బాలశౌరి కళ్లలోకి చూశాడు. దవడ బిగిసి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ ఎరుపు కన్నీళ్లది కాదని ఎవరికైనా తెలుస్తుంది. అలా చూస్తూనే, నాలుకతో చాలాసేపు పెనుగులాడి, "బ...దరు," అన్నాడు.

బాలశౌరికి అర్థం కాలేదు. ఆరోగ్యమ్మ వంక చూశాడు. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో చెప్పడం కష్టంగా ఉంది.

"ఇయ్యాల్టిది," అంది. "ఇయ్యాల మా ఇంటికి వచ్చింది మీరొక్కరే గదా బ్రదరు గారూ. ఇంకేం చెబుతాడు మరి?"

ఇన్నయ్య తల ముందుకు వంచాడు. బాలశౌరి ఆ నుదుటి మీద విభూది రాశాడు. చెప్పాల్సిన మాట రెండుసార్లు మొదలుపెట్టి మూడోసారి పూర్తిచేశాడు. ఆరోగ్యమ్మ గంజి తెస్తే, ఇన్నయ్య భార్య చేతి నుంచి తాగాడు. బాలశౌరి ఇవ్వబోతే మాత్రం మొహం తిప్పుకున్నాడు.

గుడికి తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. జోజప్ప గారు ఆ రోజు ఉపవాసపు ఒక్కపూట భోజనం ముగించుకుని వసారాలో కూర్చుని ఉన్నారు. బాలశౌరి ఎదురుగా కూర్చుని జరిగిందంతా చెప్పాడు. పెద్దాయన కళ్లు మూసుకుని విన్నారు. మధ్యలో ఒకసారి, పదకొండూ వరసగానే చెప్పాడా అని అడిగి, చెప్పాడంటే తల ఆడించారు.

"ఆదివారం బిషప్ గారితో ఏదో మాట్లాడాలన్నావు?"

"లేదు ఫాదర్. పట్టాభిషేకం వద్దని ఇక చెప్పను." బాలశౌరి బూడిద అంటిన బొటనవేలు చూసుకున్నాడు. "నాకు ఒక్కటే అంతుబట్టడం లేదు. ఆయన నన్ను క్షమించలేదు ఫాదర్. ఆ కళ్లు చూశాను నేను. కోపం రవ్వంతైనా తగ్గలేదు. తగ్గకుండానే నన్ను తీసుకెళ్లి దేవుడి మేలుల్లో కలిపాడు."

జోజప్ప గారు కళ్లు తెరిచారు. "తగ్గిందాకా కూర్చుంటే ఆ రోజు మేలు చెప్పకుండానే పొద్దు పోదూ మరి?" అన్నారు.